రాజేశానికి కప్పిన శాలువా

ఇన్నేళ్లూ దీన్ని కడుపులో పెట్టుకొనే తిరిగాను. ఇంటిదానికి చెప్పలేదు. తాగినప్పుడు కూడా నోరు జారలేదు, చూడండి, అంత జాగ్రత్త నాది. మీరు నన్ను ఎరగరు, అందుకే మీకు చెప్తున్నాను. కోరుట్లలో మా గల్లీ రాజేశం నౌకరి పోగొట్టింది నేను.

వాడూ నేనూ ఒక ఈడువాళ్లం. వరుసకు బావా అని పిలిచేవాడు. నేను దుబాయి పోతానంటే జగిత్యాల ఏజెంటు వీసాకు పైసలడిగాడు. నాకు ఎక్కడా అప్పు పుట్టలేదు. రాజేశం ఐటీఐ చదివి సిరిసిల్లలో బట్ట నేసే సాంచెలు రిపేరు చేసేవాడు, నెలనెలా జీతం వచ్చేది, కాబట్టి ఫైనాన్సువాళ్లు వాడికి ఇచ్చారు. తన పేరు మీద తీసుకొని నా చేతిలో పెట్టాడు. మా మధ్య కాగితం లేదు, సాక్షి లేడు. దోస్తును కాగితం అడిగితే మా దగ్గర తప్పు. అక్కడ కంపెనీ మూతపడి నేను వట్టి చేతులతో తిరిగొచ్చాను. కిస్తీలు ఆగిపోయాయి. మా మామకు మాత్రం వీసా కంపెనీయే ఫ్రీగా ఇచ్చిందని చెప్పి ఉన్నాను. అప్పు చేయని అల్లుడని ఆయన తన ఊరు ఇబ్రహీంపట్నమంతా చెప్పుకునేవాడు.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. రాజేశానికి హైదరాబాదులో రక్షణ శాఖ ఫ్యాక్టరీలో నౌకరి వచ్చింది. చేరే ముందు ఆఫీసరు వచ్చి ఇరుగుపొరుగును విచారిస్తాడని తెలిసి గల్లీ అంతా ఒక మాట అనుకున్నాం: రాజేశం ధర్నాలకు పోలేదు, రోడ్డు మీద వంటావార్పులో గరిటె పట్టలేదు. పేపర్లో ఫోటో పడ్డా సరే, అది వాడు కాదు. ముసలమ్మలకు కూడా నేర్పించాం. అప్పు సంగతి ఎవరికీ తట్టలేదు. అప్పు లేని ఇల్లేది మా దగ్గర?

వచ్చినాయన ఉద్యమం ఊసే ఎత్తలేదు. మా అరుగు మీద, ఆ రోజు మమ్మల్ని చూడవచ్చిన మా మామ పక్కనే కూర్చొని చాయ్ తాగుతూ అడిగాడు.

“రాజేశం ఫైనాన్సుల తీసుకొని కడ్తలేడట. ఎందుకు తీసుకున్నడు?”

మామ నా వైపే చూస్తున్నాడు.

“నాకేం తెలుసు సార్.”

“సమజ్ చేసుకో తమ్మీ. గా ఫ్యాక్టరీల బయటికి పొక్కద్దన్న ముచ్చట్లుంటయి. అప్పులల్ల మునిగినోన్ని ఎవడన్న పైసలిచ్చి కొంటడు. దవఖాన ఖర్చో, ఎవలికన్న ఆసరయ్యిండో, గదన్న చెప్పు. రాసుకుంట.”

చూశారా? దారి ఆయనే చూపించాడు. ఒక్క మాట చాలు.

“ఏమో సార్. ఆని చేతిల పైసలు ఆగయి,” అన్నాను.

అడగనిది కూడా చెప్పాను. ఎందుకు? మామ ముందు పరువు కోసమా? నేను ఓడిపోయి వచ్చాక వాడు గెలిచి పోతున్నాడన్న కుళ్లా? మొదటిదే అని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను.

నౌకరి పోయింది. కారణం వాడికి ఎవరూ చెప్పలేదు. వాడే ఒకటి వెతుక్కున్నాడు. “వంటావార్పు ఫోటో పట్టిచ్చింది బావా. పోతే పోనీ. తెలంగాణ కోసమే గదా,” అన్నాడు. దీక్షా శిబిరంలో మైకులో అదే చెప్తే, చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. తర్వాత మళ్లీ గల్ఫ్ పోయి ఆ అప్పు తీర్చాను. పైసలు చేతిలో పెడితే వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. నీ అసొంటి దోస్తు ఎవలికున్నడు, అన్నాడు. ఛీ, నా బతుకు.

తెలంగాణ వచ్చింది. రాజేశం ఇంకా సాంచెలే బాగుచేస్తున్నాడు. చెప్పేద్దామని ఎన్నిసార్లో వాడి వాకిలి దాకా పోయి, చాయ్ తాగి వచ్చాను. మొన్న రాష్ట్రం వచ్చిన రోజని గల్లీలో జెండా ఎగరేసి వాడికి సన్మానం చేశారు. వాడి బిడ్డ మైకు పట్టుకొని, “మా బాపు తెలంగాణ కోసం నౌకరి పోగొట్టుకున్నడు,” అంది. వాడు తలెత్తుకొని కూర్చున్నాడు. నిజం చెప్తే నౌకరి తిరిగి రాదు, ఆ ఒక్క గర్వమూ పోతుంది. ఇది వాడి మీద దయా, నా పిరికితనానికి దొరికిన సాకా? నాకు తెలియదు.

దగ్గరి దోస్తునని శాలువా కప్పడానికి నన్నే పిలిచారు. కప్పాను.

“నువ్వు కప్పినవు బావా, నాకు గది చాలు,” అని నవ్వాడు.

నేనూ నవ్వాను.

ఆ రోజు మా అరుగు మీద అనాల్సిన మాట ఒక్కటే. ఆ అప్పు నాది సార్. ఇదిగో, ఇప్పటికి అన్నాను.