నాయినకు సెలవు దొరికిన వేసవి

భూపాలపల్లి బొగ్గుబావిలో పనిచేసే నా మనవడు కాలు విరగ్గొట్టుకుని మానుకోటలో నా ఇంటికి వచ్చి పడ్డాడు. కట్టు విప్పేదాకా డ్యూటీకి రావద్దని దవాఖానవాళ్లు కాగితం రాసిచ్చారట. రెండో రోజుకే సణుగుడు మొదలుపెట్టాడు.

"ఊకె పండుకునుడు నాతోని కాదు అమ్మమ్మా. బోర్ కొడుతుంది."

నాకు ఒళ్లు మండింది. "నోర్మూస్కొని పండుకో. మా నాయినకు గిట్ల పండుకునే భాగ్యం దొరికేటందుకు ఊళ్లె మోటలన్ని ఆగినయి" అన్నాను. వాడికి మోట అంటేనే తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లో పదేళ్లో. రాసిపెట్టినవాళ్లు లేరు. జనగామకు అవతల ఒక పల్లె మాది. నాయిన దొర దగ్గర జీతగాడు, అంటే ఏడాది పొడుగునా ఆయన పనికే కట్టుబడిన మనిషి. చీకటితో పోయి ఎడ్లు లాగే తోలు బొక్కెనతో, అంటే మోటతో, బావిలోంచి నీళ్లు తోడేవాడు, పొద్దుగూకినాక వచ్చేవాడు. మోట లాగుతూ ఎడ్లు వాలులోకి దిగుతుంటే, మోకుతాడు మీద కూర్చుని తన బరువు కూడా దానికి తోడివ్వాలి. మోకు పాతబడిందని నాయిన రెండుసార్లు చెప్పాడట. వినే నాథుడు లేడు. ఆ వేసవిలో ఒక ఉదయం అది తెగింది. నాయిన రాళ్ల మీద పడి మోకాలి కింద ఎముక విరిగింది.

పక్క ఊరి నుంచి కట్లు కట్టే ముసలాయన వచ్చి, పసరు పూసి, వెదురు బద్దలు పెట్టి బిగించాడు. "కట్టు మళ్ల నేనే వచ్చి ఇప్పుతా. గంతదాంక కాలు కింద పెట్టినవో, బతికినన్ని దినాలు కుంటుడే. గప్పుడు నా పేరు మాత్రం చెప్పకు" అన్నాడు.

మర్నాడు తెల్లారేసరికి దొర ఉండే గడి నుంచి ఒక మనిషి వచ్చి మా వాకిట్లో ఉన్నాడు. "జీతగానికి నాగ లేదు. ఆయన రాకుంటే బదులు నువ్వు రా" అని అమ్మతో అన్నాడు. నాగ అంటే పనికి రాని రోజు. అమ్మ పోయింది. కొట్టం ఊడ్చి, పేడ ఎత్తి, నీళ్లు మోసి, సాయంత్రం గోడ పట్టుకుని ఇంట్లోకి వచ్చేది. అప్పటికి నా తమ్ముడు ఆమె కడుపులో ఉన్నాడు.

అయిదో రోజు పొద్దున అమ్మ అటు పోగానే నాయిన లేచి కూర్చున్నాడు. "ఆమెకేమన్న అయితే నాకు కాలెందుకు? కట్టు ఇప్పుత. గా కర్ర ఇటియ్యి బిడ్డా" అన్నాడు. నేను కర్ర తీసుకుని బయటికి పోయి గుడిసె కప్పు మీదికి విసిరేశాను. నాయిన తిట్టిన తిట్లు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి. వాకిట్లో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను గానీ కర్ర మాత్రం దించలేదు.

ఆ గొడవ విని, పనికి పోతున్న పక్కింటి జీతగాడు ఆగాడు. సంగతంతా చెప్పాను. అప్పటికే మా ఊళ్లోకి దొరల మీద కొట్లాడే సంఘం వచ్చింది. జనగామ నుంచి వచ్చిన ఒక చదువుకున్న యువకుడు జీతగాళ్లను కూర్చోబెట్టి మాట్లాడుతుండేవాడు. ఆ సాయంత్రం వాళ్లంతా కలిశారు. మర్నాడు ఊళ్లో ఒక్క మోట కదలలేదు. గడివాళ్లు వచ్చి ఎంత అరిచినా బావి గట్టు మీంచి ఎవరూ లేవలేదు. వాళ్లు అడిగింది ఇంతే. కాలు అతికేదాకా నాయినను పిలవద్దు, బదులుగా అమ్మను పిలవద్దు, ఏటా ఇచ్చే గింజలు ఆపొద్దు. దొర వరి పొట్ట మీద ఉంది. మడులు నెర్రెలు విచ్చుతుంటే మూడో రోజు ఆయనే దిగివచ్చాడు.

ఆ యువకుడు మా ఇంటికి పరుగున వచ్చాడు. "అక్కా, బావకు సెలవు దొరికింది!"

అమ్మ ఉన్నచోటనే కూలబడింది. మా ఊళ్లో ఆ మాటకు రెండే అర్థాలు. దొర ముందు నిలబడి "ఏం సెలవు" అంటే ఏం ఆజ్ఞ అని. పొద్దుగూకాక వంగి "సెలవు దొరా" అంటే పోయొస్తానని. ఇక మమ్మల్ని పొమ్మన్నారనే అమ్మ అనుకుంది.

"ఎంత పని జేస్తివి తమ్మీ! కడుపుతోని నేను యాడికి పోవాలె?" అని శోకాలు పెట్టింది.

పాపం అతను పరేషాన్ అయిపోయాడు. "అయ్యో, గట్ల కాదక్కా! పని పోదు. కాలు అతికేదాంక బావ ఇంట్ల పండుకుంటడు. గంతే."

అమ్మ కళ్లు తుడుచుకుని అనుమానంగా చూసింది. "పనికి పోకుంట పని ఉండుడేంది?"

నాయిన మంచంలోంచి పకపకా నవ్వాడు. కాలు గుంజితే "అమ్మో" అన్నాడు, మళ్లీ నవ్వాడు.

మర్నాడు వాకిట్లోకి ఎవరూ రాలేదు. నాయిన అలవాటు కొద్దీ చీకట్లోనే లేచి కూర్చున్నాడు. చేసేదేమీ లేక మళ్లీ పడుకున్నాడు. పొద్దెక్కాక తలుపులోంచి ఎండ లోపలికి వచ్చి మంచం కోడు దాకా పాకింది. నాయిన దాన్ని వింతగా చూశాడు.

"మనింట్ల ఎండ గిక్కడిదాంక వస్తదా?" అని నన్ను అడిగాడు.

నాకు నవ్వొచ్చింది. ఆ గుడిసె వేసింది ఆయనే. పగటిపూట అందులో ఉండటం మాత్రం అదే మొదలు. ఆ వేసవంతా ఆయన నా తల దువ్వాడు, అమ్మతో కొట్లాడాడు, ఎండ ఎంతదాకా వచ్చిందో చూసి అన్నం పెట్టమన్నాడు. అంత సంతోషంగా మేం ఎప్పుడూ లేము.

నలభై రోజులకు ముసలాయన వచ్చి కట్టు విప్పాడు. కాలు సన్నబడి పాలిపోయి ఉంది. "ఇగ పెట్టు" అన్నాడు.

"జర ఆగు" అన్నాడు నాయిన. ఎండ మంచం కోడు దగ్గరికి వచ్చేదాకా కూర్చుని, అప్పుడు ఆ వెలుగులో పాదం పెట్టి లేచి నిలబడ్డాడు. నేను పరుగెత్తి కప్పు మీది కర్ర దించి తెచ్చాను. అప్పటికే ఆయన రెండడుగులు వేశాడు. కుంటడం లేదు.

"గది నాకెందుకే?" అన్నాడు నాయిన. "మళ్ల కప్పు మీదికే ఇసురు."