మాకివ్వని గులాబీల కప్పు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నన్ను బాగా ఏడిపించిన వస్తువు ఒక పింగాణీ కప్పు. తెల్లటి కప్పు మీద గులాబీలు, అంచుకు సన్నని బంగారు గీత. అది మా తాతయ్య పోగుచేసిన ఇంగ్లీషు సామానులోది. చీరాల చుట్టుపక్కల బంగళాల్లో ఉన్న దొరలు ఇల్లూవాకిలీ ఖాళీచేసి ఓడెక్కేటప్పుడు ఆయన వెళ్ళి ఏరి తెచ్చుకున్నాడట. నీలం బొమ్మల పళ్ళేలు, మూత ఉన్న గిన్నె, టీ కూజా, ఈ గులాబీల కప్పులూ సాసర్లూ అన్నీ ముందుగదిలో అద్దాల బీరువాలో ఉండేవి. తీరిక దొరికినప్పుడు ఆయన ఒక్కొక్కటీ దించి, మెత్తటి పాత పంచెగుడ్డతో తుడిచి, బోర్లించి, అడుగున ఉన్న ఇంగ్లండు ముద్ర మాకు చదివి వినిపించేవాడు. మేం చేతులు వెనక్కి కట్టుకుని చూడాలి.

మేం కాఫీ తాగేది ఇత్తడి గ్లాసుల్లో. బంధువులొచ్చినా ఇత్తడి గ్లాసులే. గులాబీల కప్పు దిగేది పత్తిమిల్లు నుంచి వచ్చే సాయిబు గారికి, మా బడి టీచరు గారికి. అంటే మా ఇంట్లో అందరికన్నా పెద్ద మర్యాద ఆ ఇద్దరికేనని నేను తేల్చుకున్నాను. తాగడం అయ్యాక వాళ్ళే కప్పు తీసుకుని నూతి దగ్గరికి వెళ్ళి, కడిగి, గట్టు మీద బోర్లించి వెళ్ళేవారు. అంత నాజూకు కప్పు మా పనిమనిషి చేతిలో పగులుతుందని వాళ్ళ భయం కాబోలు అనుకునేదాన్ని. వాళ్ళు వెళ్ళాక నానమ్మ దాని మీద ఇంకో చెంబు నీళ్ళు పోసి బీరువాలో పెట్టేది. వంటింటి గడప మాత్రం ఆ కప్పు ఎన్నడూ దాటలేదు.

టీచరు గారి ఇల్లు ఊరి బయట పల్లెలో, చర్చి పక్కన. నా అయిదో తరగతి అయిపోవస్తున్నప్పుడు, కళ్ళాల్లో మిరపకాయలు ఎండుతూ ఊరంతా తుమ్ముతున్న రోజుల్లో, ఆవిడ మా ఇంటికి తరచుగా రావడం మొదలుపెట్టారు. నన్ను చీరాల హైస్కూలుకు పంపించమని అడగడానికి. ఆడపిల్లకు ఈ చదువు చాలని మా తాతయ్య పట్టు. ఆవిడ వసారా చివర కూర్చునేవారు, కాఫీ వచ్చేది, తాతయ్య చూద్దాంలే అనేవాడు, ఆవిడ కప్పు కడిగి వెళ్ళేవారు. కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చేవారు.

ఒకరోజు నేను ఉండబట్టలేక, "టీచరు గారూ, మీకైతే పూల కప్పు ఇస్తారండీ, నేనెంత ఏడ్చినా ఇవ్వరు" అనేశాను. నానమ్మ ఏదో పని ఉన్నట్టు లోపలికి వెళ్ళిపోయింది. టీచరు గారు నా తల నిమిరి, "నీకెందుకమ్మా అది" అన్నారు. నేనింకా చిన్నపిల్లనని అలా అన్నారనుకుని మూతి ముడుచుకున్నాను.

చివరికి తాతయ్య సరేనన్నాడు. ఆ మాట చెప్పాలని ఇంట్లో ఎవరికీ చెప్పకుండా పల్లెకు పరుగెత్తాను. ఆవిడ సంబరపడిపోయి నన్ను మంచం మీద కూర్చోబెట్టి, పొయ్యి మీద టీ పెట్టారు. పెట్టాక కాస్త తటపటాయించి, తాగుతావా అని అడిగారు. ఎందుకు తాగనండీ అన్నాను. నాకో సత్తు గ్లాసు, తనకూ అలాంటిదే. వచ్చినవాళ్ళకు వేరే కప్పులు లేవా అని అడిగితే, తాము తాగేవే అందరికీ ఇస్తామన్నారు.

తాగాక లేచాను. మా ఇంటికి వచ్చే మర్యాదస్తులు చేసినట్టే నేనూ చేయాలి కదా. గ్లాసు పట్టుకుని పెరట్లో నీళ్ళతొట్టి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ గబగబా వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు.

"మా ఇంట్లో వచ్చినవాళ్ళు కడగక్కర్లేదమ్మా."

దెప్పుతూ అన్న మాట కాదు. పిల్లకు బట్టలు తడుస్తాయేమోనన్నట్టు అన్నారు. కానీ నాకు నూతిగట్టు, నానమ్మ చెంబు, వసారా చివర, అన్నీ ఒక్కసారిగా తెలిసిపోయాయి. నేను మర్యాద అనుకున్నది మా ఇంటి అంటు పట్టింపు. నా చదువు కోసం ఆవిడ ఆ కప్పును మళ్ళీ మళ్ళీ కడిగారు. అంత సిగ్గు నేను ఆ తర్వాత ఎప్పుడూ పడలేదు. దారి పొడుగునా ఏడుస్తూ ఇంటికొచ్చాను.

నన్ను హైస్కూల్లో చేర్పించే ముందు ఆవిడ ఇంకోసారి వచ్చారు. కాఫీ తాగి కప్పుతో లేవగానే నేను ఎదురెళ్ళి చెయ్యి చాపాను. తాతయ్య మొహం గంటు పెట్టుకున్నాడు. ఆవిడ నాకు మాత్రమే కనిపించేలా వద్దని తల ఊపి, పక్కనుంచి నూతి దగ్గరికి వెళ్ళిపోయారు. సరేనన్న తాతయ్య ఎక్కడ మాట మారుస్తాడోనని ఆవిడ భయం. నేను చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

ఆ సామాను ఇప్పుడు నా దగ్గరుంది. ఈమధ్య గుంటూరు నుంచి ఒకతను వచ్చాడు. పాత ఇంగ్లీషు పింగాణీ సేకరిస్తాడట. ఫోను లైటు వేసి ముద్రలన్నీ చూశాడు. గులాబీల కప్పును చేతుల్లో తిప్పి తిప్పి, బంగారు గీత ఎక్కడా చెరగలేదని మురిసిపోయాడు.

"మీ ఇంట్లోవాళ్ళు ఎంత జాగ్రత్తగా కడిగారో అండీ" అన్నాడు.

"మా ఇంట్లోవాళ్ళు కడగలేదు బాబూ" అన్నాను.

ఎవరు కడిగారో, ఎందుకు కడిగారో చెప్పాను. మా తాతయ్యంటే నాకు ప్రాణం, అయినా దాచలేదు. అతను కప్పును మెల్లగా బల్ల మీద పెట్టి, ఇక దాన్ని ముట్టుకోలేదు. ఇద్దరం స్టీలు గ్లాసుల్లో టీ తాగాం. అయ్యాక అతను గ్లాసు పట్టుకుని సింకు వైపు లేవబోయాడు. మా ఇంటికి ఎవరొచ్చినా, అలా గ్లాసుతో లేవగానే నా చెయ్యి దానంతటదే ముందుకు వెళ్తుంది. అతని గ్లాసు తీసుకున్నాను. ఒక్క టీచరు గారి చేతిలోది తప్ప అందరి చేతుల్లోవీ తీసుకోగలిగాను.