రెండోసారి అడిగితే రాని పేర్లు

అరకు స్టేషన్ బయట ఒకావిడ పెనం మీద చోడి అట్టు, అదే రాగి అట్టు, తిప్పింది. మాడిన అంచు వాసన తగలగానే నా కాళ్లు ఆగిపోయాయి. పదిహేనేళ్ల కిందట ఇదే ఊళ్లో ఒక ఆఫీసులో, ఒక్క వాక్యం చెప్పాల్సిన చోట నేను నోరు మూసుకున్నాను. అది చెప్పి ఉంటే సోమన్న మాస్టారి ఉద్యోగం పోయేది కాదు, సొంత ఊళ్లో ఒక ఇంటి ముందు ఆయన తల దించుకుని బతకాల్సి వచ్చేది కాదు. ఆయన్ని ఎరగనివాళ్ల కోసం జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాస్టారిది జి.మాడుగుల దగ్గర కొండ ఊరు. ఏజెన్సీ ఆడపిల్లల్ని మంచి బడుల్లో చేర్పించే చిన్న సంస్థకు కంప్యూటరు ప్రోగ్రాములు రాసేవారు. నేను శృంగవరపుకోట నుంచి వచ్చి ఆయన కింద చేరాను. డిగ్రీ ఉంది, పని రాదు. పేర్లన్నీ ఒకేసారి ఎక్కిస్తే మా పాత కంప్యూటరు బిగుసుకుపోయేది. అందుకని ప్రోగ్రాంలో ఒక భాగంగా, అడిగినప్పుడల్లా ఒక్కొక్క పేరే ఇచ్చే ఫంక్షన్ రాశారాయన. నాకది బుర్రకెక్కలేదు. మధ్యాహ్నం చోడి అట్ల డబ్బా విప్పుతూ చెప్పారు.

"ఫంక్షన్లో రిటర్న్ అని రాసావనుకో, వంట అయిపోయినట్టే, పొయ్యి ఆరిపోద్ది. యీల్డ్ అని రాసావనుకో, ఒక అట్టు యేసి గరిటొట్టుకుని అక్కడే నిలబడద్ది. మళ్లీ అడిగితే ఆగిన కాడి నుంచే రెండోది యేస్తాది. గానీ పిండి ఒక్కపాలే కలుపుతాం. మొత్తం తినేసి మళ్లీ కంచం సాపితే ఏటొస్తాది?"

"గిన్నె గోకిన చప్పుడు" అన్నాను. ఆయన పొలమారేలా నవ్వారు.

పేర్ల దగ్గర మాత్రం నవ్వేవారు కాదు. ఒకసారి 'కొర్రా' అనే ఇంటిపేరుకు దీర్ఘం వదిలేశాను. "కొర్ర అంటే గింజరా రమణా. ఆడగుంటని గింజని సేసీకు" అని, ఆ రోజు టైపు కొట్టిన పేర్లన్నీ నాతో పైకి చదివించారు.

ఆ ఏడాది సీటు వచ్చిన పిల్లలకు ఉత్తరాలు అచ్చు వేస్తున్నాం. ఆఖరి మండలం జి.మాడుగుల. మాస్టారు పోస్టాఫీసుకు వెళ్లారు. మొత్తం ఎందరో తెరమీద కనబడాలని మేనేజరు అడిగితే, ఉత్తరాల కంటే ముందు పేర్లు లెక్కపెట్టేలా ఒక లైను చేర్చాను. లెక్క సరిగ్గానే వచ్చింది. కానీ ఆ లెక్కతోనే ఫంక్షన్ చివరిదాకా నడిచి ముగిసిపోయింది. తరవాత ఉత్తరాల కోసం అడిగితే ఒక్క పేరూ రాలేదు. తప్పు జరిగిందని కంప్యూటరు చెప్పలేదు. బల్ల మీది ఉత్తరాల కట్టల్లో ఆ మండలానిదీ ఉందనుకుని సంచి కట్టేశాను.

బడులు తెరిచాక, కూతురికి ఉత్తరం రాలేదేమని ఒక తండ్రి అడగడానికి వచ్చేసరికి, ఆ మండలం సీట్లన్నీ వేరేవాళ్లకు వెళ్లిపోయాయి. మేనేజరు ముందు మాస్టారు ప్రోగ్రాం తెరిచారు. నా లైను దగ్గర ఆయన వేలు ఆగింది. నాకేసి చూశారు. నేను కిటికీకేసి చూశాను.

"ప్రోగ్రాం నాదే సార్. పంపే ముందు సూసుకోవలసినోణ్ని నానే" అన్నారు మాస్టారు.

"మీ ఊరి పిల్లల్ని మీరే ముంచారు కదయ్యా" అన్నాడు మేనేజరు.

సాయంత్రానికి ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేసి, ఆయన కుర్చీ నాకిచ్చారు. కూర్చున్నాను. అక్కడ నేర్చుకున్న పనితోనే విశాఖలో పెద్ద కంపెనీలో చేరాను. ఈ రోజుకీ ఆయన నేర్పినట్టే రాస్తాను. అలా రాసిన ప్రతిసారీ ఆ ఆగిన వేలు కనిపిస్తుంది.

మొన్న అరకులో రైలు దిగింది, అక్కణ్నుంచి బస్సులో ఆయన ఊరు వెళ్లడానికే. మాస్టారు వాకిట్లో కాఫీ పళ్లు ఆరబోస్తున్నారు. జుట్టు పూర్తిగా నెరిసింది. నిలబడే చెప్పాను: "ఆ లైను నేను రాశాను మాస్టారూ."

"ఎరుగుదును. ఆ సాయంత్రం దాకా నువ్వు సెప్తావని సూసాను. తరవాత సూడ్డం మానేసాను." పళ్లు ఎగదోస్తూనే అన్నారు. "నాకు సెప్పి ఏటి లాభం? పక్కింటి గుంట పార్వతి. ఆ లిస్టులోదే. ఊరంతా నాతో మాటాడతారు, ఆ ఇల్లు తప్ప."

పక్కింటికి వెళ్లి పిలిచాను. పార్వతి చంకలో బిడ్డతో గుమ్మంలోకి వచ్చింది. కాఫీ తోటలో కూలికి వెళుతుందట.

"అమ్మా, నీ సీటు పోగొట్టింది మాస్టారు కాదు, నేను. భయపడి ఇన్నేళ్లూ ఆ నింద ఆయన మీద ఉంచేశాను. నన్ను క్షమించు" అన్నాను.

ఆమె మాస్టారి వాకిలికేసి చూసింది.

"మాయమ్మ ఆయన్ని తిట్టుకుంటానే సచ్చిపోనాది. అమ్మకిప్పుడెవులు సెప్తారు బాబూ?"

చేతులు జోడించి, తప్పు నాదేనని మళ్లీ చెప్పాను.