మామ నమ్మిన ముల్లు

నవ్వనంటేనే చెప్త. మొన్న ఐతారం మా మామ ఎట్టకేలకు నా కార్ల కూసున్నడు! ఎట్ల కూసున్నడంటే... ఆగుండ్రి, ముందు చాయ్ తాగుండ్రి.

బజార్ల దినానికో కొత్త కారు దిగుతుంది గదా. ఒక సేటు గసొంటిది కొనుక్కొని, తన పాతది నాకు అగ్గువకు ఇచ్చిండు. మస్తు బండి! ఒక్కటే రోగం. ఇంజిన్ ఎంత జోరుగ తిరుగుతుందో చూపే మీటర్ ఉంటది సూడు, స్పీడ్ మీటర్ పక్కన, దాని ముల్లు మూడు వేల మీద ఇరుక్కపోయింది. బండి ఉరికినా మూడు వేలే, బంద్ పెట్టినా మూడు వేలే. నాకేం ఫరక్ పడలే.

మామకు పడ్డది. ఆయన బొగ్గు బాయిల మనుషుల్ని లోపలికి దింపే ఇంజిన్ నడిపి రిటైరైన మనిషి. ముల్లు చూడకుంట ఏ మిషన్నూ నమ్మడు. పోయినసారి విరూర్ నుంచి రైల్ల వస్తే, స్టేషన్ కాడ కారు డోర్ తీసిండు, ముల్లు చూసిండు, డోర్ మళ్ల ఏసిండు.

"అల్లుడా, ఇంజిన్ బంద్ ఉన్నది, ముల్లు మూడు వేలంటుంది. అబద్ధమాడే ముల్లున్న బండి నేనెక్క."

రిక్షాల పోయిండు! ఎనుక ఖాళీ కారేసుకొని నేను!

ఇప్పుడేమో బాబుపేట్‌ల మా మరదలి గృహప్రవేశం. మా ఇంటామె సుజాత ముందే చెప్పింది: "మా బాపు గీసారి గూడ రిక్షాల దిగితే, నువ్వు నడుసుకుంట రా!"

మెకానిక్ ఎందుకు, దండుగ అనుకున్న. నాది మ్యాచింగ్ సెంటర్. ఏ చీర చూపించినా చిటికెల అదే రంగు జాకెట్ గుడ్డ తీస్త. నాకు వైర్లొక లెక్కనా? పొద్దుగాల్నే మీటర్ బయటికి గుంజిన, వైర్లు పీకిన, ముల్లును వేలుతోని మెల్లగ నూకిన. టక్కున సున్నా మీద పడ్డది! అబ్బ, ఏం సంతోషం! ఇగ ఎర్రదానికి ఎర్రది, పసుపుదానికి పసుపుది, నల్లదానికి నల్లది కలిపిన. ఒక నల్లదాని మీద మాసిన తెల్లగీత ఉండె. గింత ఫరక్ గిరాకీలే చూడరు, నేను చూస్తనా?

తెల్లారి మెకానిక్ నెత్తి కొట్టుకున్నడు. ఆ తెల్లగీతది స్పార్క్ కాయిల్ వైరంట, నేను తీస్కపోయి ఎర్త్‌కు కట్టిన్నంట. స్పార్కే పుట్టదంట, ఇంజిన్ స్టార్టే కాదంట! సరే, అది తెల్లారి ముచ్చట.

ఆనాడైతే మా ఇంట్ల దిగిన మామను దర్జాగ పిలిచిన. అద్దాలు పెట్టుకొని లోపలికి వంగిండు.

"ఇంజిన్ బందేనా?"

"బందే మామా."

"ముల్లు సున్నా. శెబాష్!" కూసున్నడు! ఎనుక సీట్ల పట్టుచీరతోని సుజాత. దాని ముఖం చూడాలె, ఎలిగిపోతుంది.

తాళం తిప్పిన. కిర్ర్ర్... మళ్ల తిప్పిన. కిర్ర్... ఆఖరికి బ్యాటరీ గూడ పండుకుంది. ముహూర్తం దాటిపోతుంది.

"దిగు మామా, రిక్షా పిలుస్త."

"ఎందుకు దిగాలె? ముల్లు నిజం చెప్తే కూసుంట అన్న. చెప్తుంది, కూసున్న."

దిగడు! ఎదురింటాయన "కాయ్ ఝాలా భావూ?" అని మరాఠీల ఏమైందో అడుగుకుంట వచ్చి బండి ఎనుక చెయ్యేసిండు. నేను డోర్ కాడ, ఒక చెయ్యి స్టీరింగ్ మీద, ఒక చెయ్యి బండి మీద. బాబుపేట్ దాంక నూకినం! సందుసందుకు లోపలి నుంచి మామ: "ఇంకా సున్నానే అల్లుడా! కరెక్ట్!"

గేటు కాడ చుట్టాలందరు చూస్తుండంగ మామ రాజాలెక్క దిగిండు. "బండి మంచిదే. తొవ్వ పొడుగున ముల్లు ఒక్క అబద్ధం ఆడలే."

సుజాత గూడ తల ఎత్తుకొని దిగింది. వాళ్ల బాపు రిక్షాల రాలే, కార్లనే వచ్చిండు. నడుసుకుంట వచ్చింది నేనే!