చూడకుండా పట్టుకున్న కాళ్లు

ఒకరిని బండితో గుద్ది, ఇంకొకరి కాళ్లు పట్టుకున్న మొనగాణ్ణి నేను. ఉప్పల్‌లో మా చుట్టాలు ఏ పెళ్లిలో కలిసినా ఈ సంగతి నాతోనే చెప్పించుకుని మరీ నవ్వుతారు.

నాచారంలో నేను పనిచేసే ఫ్యాక్టరీకి ఆ పొద్దున ఆలస్యమైంది. యూటర్న్ దాకా పోవడానికి బద్ధకించి రాంగ్ రూట్‌లో బండి పోనిచ్చాను. రోడ్డు దాటుతున్న ఒక పెద్దావిడకు హ్యాండిల్ తగిలింది. ఆమె పడ్డ చప్పుడు విన్నాను. ఆగలేదు, వెనక్కి తిరిగి చూడనూ లేదు. మూడో రోజు పోలీసులు కెమెరాలో దొరికిన బండి నంబరుతో ఫ్యాక్టరీ గేటు దగ్గరికే వచ్చారు. ఆమె మణికట్టు విరిగిందని అప్పుడు తెలిసింది.

కేసు నడుస్తుండగా, మా ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించమని కోర్టు మధ్యవర్తిత్వ కేంద్రానికి పంపింది. అక్కడి మేడం రిటైరైన టీచరు. ముందు నన్నొక్కణ్ణే పిలిచి, దెబ్బ తగిలినామె చెప్పుకునేదంతా అయ్యేదాకా నోరు తెరవొద్దని గట్టిగా చెప్పింది. నేను బుద్ధిగా తలూపాను. కానీ లోపలికి పోగానే కాళ్ల మీద పడితే పెద్దవాళ్ల మనసు కరుగుతుందని మా బావ అప్పటికే ఉపాయం చెప్పి పంపాడు.

గదిలో ఇద్దరు పెద్దవాళ్లున్నారు. ఒకామె చేతికి కట్టు కనబడగానే సాష్టాంగపడి రెండు కాళ్లూ పట్టేసుకున్నాను. అప్పుడు పక్క కుర్చీలోంచి రెండో ఆమె నిదానంగా అంది.

"ఆమె మా చెల్లె. అప్పాలు జేస్తుంటే నూనె సిందింది. నువ్వు గుద్దింది నన్ను."

చెల్లెలు నవ్వాపుకోలేక దగ్గు తెచ్చుకుంది. మేడం ఫైలు వెనక మొహం దాచుకుంది. పెద్దామె మాత్రం నవ్వలేదు.

"ఆ దినం సూడలే, ఇయ్యాల గూడ సూడలే. జర లేసి నా మొకం సూడు బిడ్డా."

చూశాను. మా అమ్మ వయసు. సిగ్గుతో చచ్చిపోయాను. బావ నేర్పిన మాటలన్నీ ఎగిరిపోయి, భయపడి పారిపోయానని ఒక్క ముక్క మాత్రం చెప్పగలిగాను. భయం నీకొక్కడికేనా అని ఆమె అడిగింది. చెయ్యి అతుక్కుంది కానీ, రోడ్డు చూస్తే కాళ్లు వణుకుతున్నాయట. చర్చి రోడ్డుకు అవతలే ఉన్నా ఆరు నెలలుగా పోలేదట. ఏం కావాలని మేడం అడిగితే, తన భయం పోయేదాకా ప్రతి ఆదివారం నేనే వచ్చి రోడ్డు దాటించాలంది. అదే కాగితం మీద రాసి ఇద్దరం సంతకాలు పెట్టాం.

ఆదివారం నా ఒక్కగానొక్క నిద్ర రోజు, అది కాస్తా పోయింది. పైగా హెల్మెట్ తీసి, మొహం కనబడేలా నిలబడాలని ఆమె షరతు. మొదటి వారం నా చెయ్యి గోళ్లు దిగేలా పట్టుకుని, సగం దాకా వచ్చి వెనక్కి తిరిగింది. మూడో వారం ఒకడు రాంగ్ రూట్‌లో దూసుకొచ్చాడు. కళ్లు కనబడతలేవా అని నేను గొంతు చించుకుని అరిచాను. ఆమె నా వైపు చూసింది. నడిరోడ్డు మీద ఇద్దరం పడీ పడీ నవ్వాం.

ఒక ఆదివారం నిద్ర లేవడం ఆలస్యమైంది. ఉరుకుతూ పోయేసరికి ఆమె ఇవతల లేదు. రోడ్డంతా వెతుకుతుంటే చర్చి గేటు దగ్గర్నించి కేక వినబడింది. ఒక్కతే దాటేసింది. నేను అటు పోబోతే చేత్తో ఆపింది.

"ఆడ్నే ఉండు. నువ్వు సూడలే గద, మల్ల దాటుత."

విరిగి అతికిన ఆ చెయ్యే పైకెత్తి, ఆటోలనూ బండ్లనూ ఆపుకుంటూ, పెద్దమ్మ నా వైపు నడిచి వచ్చింది. ఆమె ఇవతలికి చేరేదాకా నేను ఆమె మొహం మీంచి చూపు తిప్పలేదు.