గొలుసు ఫోను

మా ఆయన్ని చూస్తే ఎవరూ సిపాయి అనుకోరు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు, ఆదివారం చర్చి క్వయర్లో పాడతాడు, బొద్దింక కనబడితే నన్ను పిలుస్తాడు. కానీ ఏడాదికి రెండు నెలలు యూనిఫాం వేసుకుంటాడు. సికింద్రాబాద్‌లో ఉద్యోగాలు, వ్యాపారాలు చేసుకునేవాళ్ళతో నడిచే వలంటీర్ల పటాలం వాళ్ళది. మామూలు రోజుల్లో ఎవరి పని వాళ్ళది. కబురొస్తే మాత్రం తుపాకీ పట్టుకుని పొమ్మన్న చోటికి పోవాలి. ఆ కబురంటే నాకు భయం. పెళ్ళైన నాటి నుంచీ భయమే.

ఈ పిచ్చి వాళ్ళింట్లో మూడు తరాలది. తెల్లదొరల కాలంలో రైల్వేలో దొరలకు మాత్రమే ఒక వలంటీర్ల దళం ఉండేదట. మా ఆయన తాతకి అందులో దక్కిన పని వాళ్ళ బూట్లకు పాలిష్ పెట్టడం. స్వతంత్రం వచ్చాక అందరినీ తీసుకునే పటాలం పెట్టారని తెలియగానే, ఆ తాత తన కొడుకుని వెంటబెట్టుకెళ్ళి చేర్పించాడు. "మా నాయిన బూట్లు తుడిచిండు, నేను తొడుక్కున్న" అని మా మామగారు నవ్వేవారు. తర్వాత మా ఆయన. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని నేనంటే వినేదెవరు?

పదిమంది ఒక సెక్షను, దానికో హవల్దారు. కబురు పంపడానికి వాళ్ళకో గొలుసుంది. హవల్దారు ఇద్దరికి ఫోన్ చేస్తాడు, వాళ్ళు తమ కిందివాళ్ళకి చేస్తారు. విన్నవాళ్ళు "అందింది" అనాలి, ఆ మాట వినేదాకా ఫోను పెట్టెయ్యకూడదు. మా ఆయన కింద సీతాఫల్‌మండి టైలరు, అతని కింద మరో ఇద్దరు. మనిషి దొరక్కపోతే భార్య "అందింది" అన్నా చెల్లుతుంది. పటాలం రిజిస్టర్లో మా పేర్లుండవు, గొలుసులో మాత్రం మేముంటాం.

పోయిన వేసవిలో సరిహద్దు దగ్గర గొడవ మొదలైంది. టీవీలో రోజంతా సైరన్లే. ఆ ఆదివారం చర్చిలో మా ఆయన ఫోను నా దగ్గరే ఉంది. క్వయర్ వాళ్ళ ఫోన్లు భార్యల సంచుల్లో ఉండడం మా దగ్గర అలవాటు. ప్రసంగం మధ్యలో నా హ్యాండ్‌బ్యాగు వణికింది. వరండాలోకొచ్చి ఎత్తాను.

"వదినా, మూడు గంటలకు నేరేడ్‌మెట్ గ్రౌండ్. యూనిఫాం కిట్టుతోని రావాలె. అన్నకు చెప్పు, కిందోళ్ళకు జెర జల్దీ చెప్పమను," అన్నాడు హవల్దారు.

"అందింది," అన్నాను.

లోపలికొచ్చి కుక్కిన పేనులా కూర్చున్నాను. ప్రసంగం ముగిసి, ఆయన ముందు వరసలో నోరారా పాడుతున్నాడు. ఇంటికెళ్ళాక చెబుదామనుకున్నాను. ఇంటికొచ్చాక, అన్నం తిననీ అనుకున్నాను. ఆయన తిని పడుకున్నాడు. నేను ఫోను తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో పెట్టాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, అప్పుడు నాకు దేశం గుర్తు లేదు.

రెండింటికి టైలరు భార్య నా ఫోనుకు చేసింది. "అక్కా, టీవీల గిట్ల చూపిస్తున్నరు, మస్తు పరేషాన్‌గుంది. మీకేమన్న కబురొచ్చిందా?"

"రాలేదు చెల్లె."

"అల్లా దయ అక్కా," అని ఏడ్చేసింది.

మూడున్నరకు బియ్యం డబ్బా మోగింది. మా ఆయన లేచి, మూత తీసి, ఫోను చెవిన పెట్టుకున్నాడు. వింటూ నా వైపు చూశాడు. "నాదే తప్పు సాబ్. కిందోళ్ళకు చెప్పుడు నేనే మర్చిపోయిన," అన్నాడు. బియ్యం గింజలు దులుపుకుంటూ కిట్టున్న ట్రంకుపెట్టె అందుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి తిరిగొచ్చాడు. అది ఉత్త ప్రాక్టీసట. తప్పు ఒప్పుకున్నందుకు మూట వీపున పెట్టి గ్రౌండు చుట్టూ పరిగెత్తించారట. తిడతాడని చూశాను, తిట్టలేదు. బూట్లు విప్పుకుంటూ అన్నాడు: "నలుగురం టైముకు పోలే. అసలుదైతే ఆరుగురే పోయేటోళ్ళు. పదిమంది పని ఆరుగురు చెయ్యాలె."

ఆ ఆరుగురి ఇళ్ళూ నాకు తెలుసు. వాళ్ళ భార్యల చేతి వంట తిన్నాను. అప్పటిదాకా ఒక్క మనిషి కోసం పడ్డ భయం ఆరిళ్ళకు పాకి, నా మీద నాకే అసహ్యమేసింది.

తొమ్మిదో రోజు పొద్దున ఫోను మళ్ళీ మోగింది. ఆయన స్నానానికెళ్ళాడు. అదే హవల్దారు. "వదినా," అని ఆగాడు. నన్ను నమ్మాలా వద్దా అని అతని బాధ. "పన్నెండింటికి నేరేడ్‌మెట్. ఈసారి ప్రాక్టీస్ కాదు."

గోడ పట్టుకుని "అందింది" అన్నాను. ఆయన మొహం చూస్తే ఇక నా నోరు పెగలదని, ముందు సీతాఫల్‌మండికి చేశాను. టైలరు భార్యే ఎత్తింది. వెనక అతను మిషను తొక్కుతున్న చప్పుడు.

"చెల్లె, పన్నెండింటికి నేరేడ్‌మెట్. కిట్టుతో. నిజం కబురే."

మిషను నడుస్తూనే ఉంది. ఆ మాట వినేదాకా పెట్టకూడదు కాబట్టి నేనూ ఫోను పట్టుకునే ఉన్నాను.

"అందిందక్కా," అంది చివరికి. వెంటనే అతన్ని పిలిచింది. మిషను ఆగింది.

బాత్రూంలో మా ఆయన ఆదివారానికి పాట సాధన చేస్తున్నాడు. ఆ చరణం అయ్యేదాకా ఆగి, తలుపు కొట్టాను.