వెనక్కి నడిచిన పడవ

బెంగాల్లోని చందన్‌నగర్‌లో జగద్ధాత్రి పూజకు వెలిగే బొమ్మల్ని చూడ్డానికి జనం విరగబడి వస్తారు. ఆ బొమ్మల్ని ఆడించేవాడు ఎక్కడ కూర్చుంటాడో మాత్రం ఎవరూ అడగరు. అనాది శీల్ కార్ఖానాలో ఆ మనిషి ప్రద్యోత్. కూర్చునేది వెనక గదిలో. బల్బులు సరిగ్గా కనబడాలని దాని కిటికీకి ఏనాడో నల్ల గుడ్డ కొట్టేశారు. అప్పటికి ప్రద్యోత్‌కు పెళ్లి కాలేదు. ఇప్పుడు కూతురు బడికి వెళుతోంది. అదీ ఇక్కడ కాదు, సిలిగురిలో, తల్లి సుతపా టీచరుగా పనిచేసే చోట.

వెలుగుతో బతికేవాళ్లందరికీ ఇంతేనేమో. సముద్రపుటొడ్డు దీపస్తంభాల్లో నూనె పోసినవాళ్ల అవస్థలు పాత యాత్రా గ్రంథాల్లో ఎన్నో కనబడతాయి. సినిమా హాళ్లలో రీళ్లు తిప్పిన ఆపరేటర్లు జీవితమంతా బొమ్మను గోడ కన్నంలోంచే చూశారు. ఈ ఊళ్లో అయితే ఒకప్పుడు రాగి రేకులు తాపిన కర్ర రోలర్లుండేవి. రోలరు తిరుగుతుంటే రేకు తగిలినచోటల్లా బల్బు వెలిగేది. ఒకడు అన్నానికి లేస్తే ఇంకొకడు వచ్చి తిప్పేవాడు. కంప్యూటర్ వచ్చాకే ఒక్క మనిషిని మేకులా దిగ్గొట్టేసినట్టయింది.

బోర్డు నిండా చిన్న బల్బులు, వాటిని లైన్లుగా కలిపే తీగలు. ఏ క్షణాన ఏ లైను వెలగాలో, ఏది ఆరాలో గళ్ల పట్టికలో అంకెలుగా నింపాలి. నెమలి ఒక్కసారి పురి విప్పాలంటే తెర పట్టనన్ని అంకెలు. ఆ కార్ఖానాలో ప్రద్యోత్ తప్ప మరొకరు వాటి జోలికి పోరు. అలాగని విదిలించుకుని సిలిగురి పోనూ లేడు. తండ్రి పోయాక పెంచి చదివించింది జేఠూ, అంటే పెదనాన్న, అనాదిబాబే. ఆయనా వద్దనలేదు.

"నీ కుర్చీలో ఇంకొకరు కుదురుగా కూర్చున్న రోజు వెళ్లరా. నేనే రైలెక్కిస్తా" అన్నాడు.

ఆ మాటలో ప్రేమ ఎంతో, గొళ్లెం ఎంతో తేల్చుకోలేక, ప్రద్యోత్ ఆ కుర్చీనే సులువు చేయాలనుకున్నాడు.

ఎండాకాలం ఆర్డర్లుండవు. ఆ కాలమంతా కూర్చుని కొత్త సాఫ్ట్‌వేర్ రాశాడు. అందులో అంకెలు లేవు. బోర్డులోని బల్బులన్నీ తెర మీద చుక్కలుగా కనిపిస్తాయి. వెలగాల్సినచోట మౌస్‌తో గీస్తే చాలు. అంతకుముందు వెలిగినవి నీడలా మిగిలి ఉంటాయి, వాటిని చూసుకుంటూ తర్వాతి కదలిక వేసుకోవచ్చు. తప్పు పడితే ఒక్క నొక్కుతో చెరిగిపోతుంది.

నేర్చుకోవడానికి మినతి ఒప్పుకుంది. బల్బులు గుచ్చి తీగలు కట్టే ఆడవాళ్లలో చెయ్యీ నోరూ రెండూ చురుకైనది ఆమే. గంగ మీద పడవ ఎడమకు వెళ్లే బోర్డు ఇచ్చారు. పడవ రెండు కొసలూ ఒకేలా లేచి ఉంటాయి. కింద అలలు కదిలితే పడవ నడిచినట్టుంటుంది. ఆమె బోర్డు వెనకనుంచి సరిచూసుకుంటూ రెండు పూటల్లో ముగించింది. అందరూ చేరి వెలిగించి చూస్తే, బోర్డు ముందు పక్క మాత్రమే రంగుతో వేసిన, చుక్కాని పట్టిన పడవవాడు వీపు ముందుకు పెట్టి వెనక్కి పోతున్నాడు.

"ఇంట్లో ఏదో మరిచిపోయినట్టున్నాడు" అన్నాడు రంగులు వేసే హారుదా. కార్ఖానా అంతా ఘొల్లుమంది. అనాదిబాబు నవ్వలేదు, ప్రద్యోత్ వంక ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

మినతికి ఒళ్లు మండింది. ప్రద్యోత్‌ను బోర్డు వెనక్కి తీసుకుపోయింది. "ఇక్కడ నిలబడి చూడండి దాదా. ఎడమకే పోతోంది కదా? మా బతుకంతా ఈ పక్కనే. ముందు నుంచి ఎలా ఉంటుందో మాకెవరు చూపించారు?"

నిజమే. తీగలు కట్టేవాళ్లకు ప్రతి బొమ్మా వెనకనుంచే తెలుసు. ఎడమా కుడీ తారుమారైన ఆ లోకమే వాళ్లకు సరైన లోకం. ప్రద్యోత్ చూసేవాళ్ల వైపు నిలబడి తెర గీశాడు, కార్ఖానాలో ఆ వైపు నిలబడేవాళ్లే లేరు. తెరను వెనకవైపుకు తిప్పే మీట ఒకటి చేర్చాడు. అంతే. ఆ ఏడాది పూజకు దాదాపు అన్ని బోర్డులూ మినతే ఆడించింది. పెదనాన్న వాటి ముందు చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు నిలబడి, "సరే, వెళ్లు" అన్నాడు. ప్రద్యోత్ వెంటనే సుతపాకు ఫోన్ చేశాడు. శీతాకాలానికి వచ్చేస్తున్నానని చెప్పాడు.

పూజ ముగిసి పందిళ్లు విప్పుతున్న రోజుల్లో మినతి ఒక సందేశ్ మిఠాయి డబ్బా పట్టుకొచ్చింది. ఇక కార్ఖానాకు రానంది. ఒక పాత ల్యాప్‌టాప్ కొనుక్కుందట. మరో రెండు కార్ఖానాలవాళ్లు బోర్డులు ఇస్తామన్నారట, తోడికోడలికి కూడా నేర్పుతోందట.

"మరి ఈ కుర్చీ?" అన్నాడు ప్రద్యోత్.

"అందులో కూర్చోవడానికి నేర్చుకోలేదు దాదా. ఆ గదిలో ఊపిరాడదు. ఇంట్లో అన్నం ఉడుకుతుంటే ఒక పక్క చేసుకుంటా." నవ్వింది. "అంత సులువు చేసింది మీరేగా."

కోపం వచ్చింది గానీ ఎవరి మీద నిలపాలో అతనికి తెలియలేదు. తాను కోరుకున్నదే ఆమె చేసింది, కాకపోతే తనకంటే ముందు. పెదనాన్న మాట తప్పలేదు, మార్చనూ లేదు. కూర్చున్న మనిషి లేచి వెళ్లిపోయింది గనక ఆ మాట మళ్లీ మొదటికొచ్చిందన్నాడు. హారుదాను అడిగితే చుక్కలు చూస్తే కళ్లు తిరుగుతాయన్నాడు. సుతపా అంతా విని, "నీ సాఫ్ట్‌వేర్ అందరికీ దారి చూపిస్తుందన్నమాట, నీకు తప్ప" అని ఫోన్ కూతురికిచ్చింది.

వారం తిరక్కుండా మినతి ఫోన్ చేసింది. రెండు బోర్డుల్ని కలిపి ఒకే బొమ్మగా ఆడించడం ఎలాగని అడిగింది. ప్రద్యోత్ ఓపిగ్గా చెప్పాడు. "ఇంత తిరుగుడెందుకు? దానికీ ఓ మీట పెట్టరాదూ" అంది.

"పెడతాను" అన్నాడు.

ఫోన్ ఇంకా చేతిలో ఉండగానే బయటనుంచి పెదనాన్న గొంతు. మినతి పనితనం చూసి పొరుగు కార్ఖానాల కుర్రవాళ్లు వచ్చారట, సంకల్లో ల్యాప్‌టాప్‌లతో. నేర్చుకుని ఎవరి కార్ఖానాకు వాళ్లు వెళ్లిపోతారట. ఊళ్లో శీల్ ఇంటి పేరు నిలబడుతుందని ఆయన సంబరం.

"బల్ల మీద కూర్చోబెట్టానురా. నువ్వు వస్తావా, వాళ్లనే పంపనా?"

ప్రద్యోత్ తన కుర్చీని గోడవైపు జరిపి, నేల మీద చాప పరిచాడు.

"లోపలికే పంపండి జేఠూ."